పాలలా తెల్లగా వచ్చిన శాంపిల్‌ను పారేయకండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, ఉన్నతాధికారులకు. ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబ్‌ల నిర్వాహకులకు. పిల్లల డాక్టర్లకు, అత్యవసర విభాగాల డాక్టర్లకు బహిరంగ లేఖ

విషయం: ఫెమీలియల్ కైలోమైక్రోనీమియా సిండ్రోమ్ (ఎఫ్‌సీఎస్) అనే వంశపారంపర్య కొవ్వు జబ్బును ల్యాబ్‌లోనే పట్టుకోవడం, ఆ పిల్లలకు తగిన ఆహారం, వైద్యం అందేలా చూడడం గురించి.

గౌరవనీయులకు నమస్కారం.

ఈ విషయం మీద ఇచ్చిన వినతిపత్రాలకు రసీదులు వచ్చాయి గానీ జవాబులు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం. మేం అడిగేవాటిలో చాలా వాటికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అది రాకపోవడం వల్ల ఏం జరుగుతోందో ముందు చెప్పనివ్వండి.

మనం తిన్న నూనె, నెయ్యి, పాలకొవ్వు చిన్నపేగులో అరిగాక కైలోమైక్రాన్లు అనే పెద్ద రేణువులుగా మారతాయి. ఇవి కాలేయానికి పోకుండా లింఫు నాళాల గుండా నేరుగా రక్తంలో కలుస్తాయి. సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైము వాటిలోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వును విడగొట్టి కండరాలకు, కొవ్వు కణాలకు అందిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారిలో రాత్రి తిన్న కొవ్వు తెల్లారేసరికి రక్తంలో మిగలదు. ఎఫ్‌సీఎస్ ఉన్నవారిలో ఆ ఎంజైము ఉండదు, ఉన్నా పనిచేయదు. ఎక్కువమందిలో లోపం ఆ ఎంజైమును తయారుచేయించే ఎల్‌పీఎల్ జన్యువులోనే ఉంటుంది. కొద్దిమందిలో ఆ ఎంజైముకు తోడ్పడే ఏపీఓసీ2, ఏపీఓఏ5, జీపీఐహెచ్‌బీపీ1, ఎల్‌ఎంఎఫ్1 జన్యువుల్లో ఒకటి చెడి ఉంటుంది. ఫలితం మాత్రం ఒకటే. డెసిలీటరు రక్తంలో 150 మిల్లీగ్రాముల లోపు ఉండాల్సిన ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటిపోతాయి, కొందరిలో పదివేల దాకా వెళ్తాయి. రక్తం తెల్లబడుతుంది. ఎప్పుడు ఏ భోజనం క్లోమాన్ని (ప్యాంక్రియాస్‌ను) వాచేలా చేస్తుందో తెలియని బతుకు మొదలవుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బు కాదు. బర్గర్, గ్రూట్జ్ అనే వైద్యులు 1932లోనే దీన్ని వర్ణించారు. ఎంజైము లోపమే కారణమని 1960లో తేలింది. పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో 8.46 కోట్ల మంది ఉన్నాం. ఆ లెక్కన చూసినా మన రెండు రాష్ట్రాల్లో ఎనభై నుంచి నూట డెబ్భై మంది దాకా ఉండాలి. మేనరికాలు ఎక్కువగా ఉన్న నేల మీద ఇంకా ఎక్కువే ఉండవచ్చు. వీరిలో చాలామంది మామూలు కడుపునొప్పి రోగులుగా ఊళ్లలో తిరుగుతున్నారు.

1. ల్యాబ్‌లు. అన్నిటికంటే ముందు మా మనవి మీకే. చాలాసార్లు ఈ జబ్బును మొదట చూసేది డాక్టరు కాదు, ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లోంచి తీసిన టెక్నీషియన్. ఆ క్షణంలో జరుగుతున్నదేమిటి? ‘శాంపిల్ లైపీమిక్ (కొవ్వుతో తెల్లబడింది), రిజెక్టెడ్, మళ్లీ పరగడుపున రండి’ అని రాసి ట్యూబును పారేస్తున్నారు. రెండోసారి పన్నెండు గంటలు కడుపు మాడ్చుకుని వచ్చినా అదే తెలుపు. అప్పుడు ‘తినేసి వచ్చి ఉంటారు’ అంటున్నారు. పన్నెండు గంటలు తినకపోయినా సీరం (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవం) పాలలా ఉంటే అది శాంపిల్ లోపం కాదు, అదే ఫలితం. ఈ ఒక్క మాట ప్రతి ల్యాబ్ గోడ మీద ఉండాలని కోరుతున్నాం.

చేయాల్సినవి ఇవి. తెల్లటి సీరాన్ని కొంచెం విడిగా తీసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర రాత్రంతా కదపకుండా నిలబెట్టండి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు. తెల్లారేసరికి పైన మీగడలా తెట్టు కట్టి, కింద సీరం తేటగా ఉంటే రక్తంలో పేరుకున్నవి దాదాపుగా కైలోమైక్రాన్లే. ఎఫ్‌సీఎస్‌ను అనుమానించాల్సింది ఇక్కడే. పైన తెట్టుతో పాటు కింద కూడా మడ్డిగా ఉంటే కాలేయం తయారుచేసే వీఎల్‌డీఎల్ అనే కొవ్వు రేణువులు కూడా పెరిగాయని అర్థం. అది మధుమేహం, మద్యం, థైరాయిడ్ లోపం, కొన్ని మందుల వల్ల వచ్చే రకం అయ్యే అవకాశం ఎక్కువ. ఈ పరీక్షకు ఫ్రిజ్, ఒక గాజు ట్యూబు ఉంటే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేయవచ్చు.

ట్రైగ్లిజరైడ్ల విలువ యంత్రం కొలిచే హద్దు దాటితే రిపోర్టులో ‘హై’ అని రాసి వదిలేయవద్దు. సెలైన్‌తో పదింతలు పలచన చేసి కొలిచి, వచ్చిన అంకెను పదితో హెచ్చవేసి ఇవ్వండి. 1,100కీ 6,000కీ మధ్య వైద్యం మారిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడు ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగట్టిన ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకెకు విలువ లేదు, దాన్ని అచ్చు వేయకండి.

అదే ట్యూబులోంచి వచ్చే మిగతా ఫలితాలు ఇంకా ప్రమాదకరం. కొవ్వు చోటు ఆక్రమించడం వల్ల సీరంలో నీటి పాలు తగ్గుతుంది. సీరాన్ని ముందు పలచన చేసి కొలిచే యంత్రాలు ఆ కారణంగా సోడియాన్ని ఉన్నదాని కంటే తక్కువగా చూపిస్తాయి. ఆ అంకెను నమ్మి గాఢమైన ఉప్పు సెలైన్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. బ్లడ్ గ్యాస్ యంత్రంలాగా పలచన చేయకుండా కొలిచే పద్ధతిలో సోడియం సరిగ్గా వస్తుంది. హిమోగ్లోబిన్ లేనంత ఎక్కువగా కనబడుతుంది, ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) నమ్మశక్యం కానంత పెరుగుతుంది. అప్పుడు ప్లాస్మాను తీసేసి అంతే కొలత సెలైన్ పోసి మళ్లీ నడపాలి. క్లోమం వాచి ఉన్నా ఆ వాపును పట్టే అమైలేజ్ పరీక్ష నార్మల్‌గా రావచ్చు. పలచన చేసి మళ్లీ చూడాలి, క్లోమం లైపేజ్ పరీక్ష కూడా చేయాలి (ఇది పైన చెప్పిన లైపోప్రోటీన్ లైపేజ్ కాదు). అమైలేజ్ నార్మల్ అన్న ఒక్క కాగితం చూసి గ్యాస్ మందులిచ్చి ఇంటికి పంపడం ఎంత ప్రాణాంతకమో మీకు చెప్పనక్కర్లేదు. ఇంకో మాట. సీరాన్ని హైస్పీడ్‌లో తిప్పి తేట చేసి మిగతా పరీక్షలు చేయడం మంచిదే గానీ, ట్రైగ్లిజరైడ్లను మాత్రం తేట చేయకముందే కొలవాలి. కొవ్వును తీసేసిన సీరంలో కొవ్వును కొలిచి నార్మల్ అని ఇస్తే ఆ రోగి మళ్లీ దొరకడు.

మా డిమాండ్: లైపీమిక్ శాంపిళ్ల మీద రెండు రాష్ట్రాలూ అన్ని ల్యాబ్‌లకూ వర్తించే లిఖిత విధానం ప్రకటించాలి. ట్రైగ్లిజరైడ్లు 1,000 దాటితే దాన్ని క్రిటికల్ విలువగా గుర్తించి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాలి. సీరం ఎలా కనిపించిందో రిపోర్టులో తప్పనిసరిగా రాయాలి.

2. పిల్లల డాక్టర్లు. పాలు తాగినప్పుడల్లా ఏడ్చే పసికందు, బరువు పెరగని పిల్ల, కాలేయం, ప్లీహం పెద్దవైన బిడ్డ, పిరుదుల మీద, మోచేతుల మీద, మోకాళ్ల మీద పసుపు రంగు చిన్న పొక్కులు గుంపుగా వచ్చిన పిల్లవాడు, తిన్నాక కడుపు పట్టుకుని ముడుచుకుపోయే బడి వయసు పిల్ల. వీరిలో ఎవరికైనా ఒక్కసారి ట్రైగ్లిజరైడ్ల పరీక్ష రాయండి. పొక్కుల్ని చర్మవ్యాధిగా, నొప్పిని నులిపురుగులుగా, అపెండిక్స్‌గా అనుకుని ఏళ్లు గడిచిపోతున్నాయి. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినవారి కంటి లోపలి పొరలోని నాళాలు కూడా తెల్లబారి కనిపిస్తాయి, కంటి డాక్టరు చూస్తే తెలిసిపోతుంది. పసిబిడ్డలను ఈ పరీక్ష కోసం పన్నెండు గంటలు పస్తు ఉంచవద్దు. పాలకూ పాలకూ మధ్య ఉండే విరామం చివర రక్తం తీస్తే సరిపోతుంది.

నిర్ధారణకు 2018లో యూరప్ నిపుణులు ఇచ్చిన స్కోరు పద్ధతి ఉంది. విడివిడిగా మూడుసార్లు వరసగా ట్రైగ్లిజరైడ్లు 885 దాటడం, మధుమేహం, మద్యం వంటి వేరే కారణం లేకపోవడం, చిన్న వయసులో మొదలవడం, మామూలు మందులకు లొంగకపోవడం అందులో ముఖ్యమైనవి. మొత్తం 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఎఫ్‌సీఎస్ అనే బలమైన అనుమానంతో జన్యు పరీక్షకు పంపాలి. సీరం తేటగా ఉండి ట్రైగ్లిజరైడ్ల అంకె మాత్రం ఎక్కువగా వస్తే అది గ్లిసరాల్ పెరిగే వేరే లోపం కావచ్చు. అందుకే ట్యూబును కళ్లతో చూడడం అంత అవసరం.

3. అత్యవసర విభాగాలు, ఐసీయూలు. ఈ రోగి క్లోమం వాపుతో వచ్చినప్పుడు మొదటి మందు కొవ్వు ఆపడమే. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, సెలైన్, గ్లూకోజ్ నడిపితే కొత్త కైలోమైక్రాన్లు రావు, రెండు మూడు రోజుల్లోనే అంకె బాగా దిగుతుంది. ఆ సమయంలోనే తెలియక నరం ద్వారా కొవ్వు ఎక్కించడం జరుగుతోంది. మత్తు కోసం వాడే ప్రొపోఫాల్ పది శాతం కొవ్వున్న ద్రావణం. గంటకు 10 మిల్లీలీటర్ల చొప్పున రోజంతా నడిపితే 24 గ్రాముల కొవ్వు. మామూలు రోజున నోటి ద్వారా వీరికి అనుమతించే దానికంటే అది ఎక్కువ. నరం ద్వారా పోషణ కోసం ఎక్కించే 20 శాతం లిపిడ్ సీసా 100 మిల్లీలీటర్లదైతే అందులో 20 గ్రాములు. రెండూ వద్దు, వేరే మత్తుమందులు ఉన్నాయి. ఇన్సులిన్, హెపారిన్ ఇచ్చేది లైపోప్రోటీన్ లైపేజ్‌ను పని చేయించడానికే. ఆ ఎంజైమే లేనివారికి వాటి వల్ల ఒరిగేది చాలా తక్కువ. ప్లాస్మా మార్పిడి అంకెను గంటల్లో దించుతుంది గానీ, ఆహారంలో కొవ్వు ఆపకపోతే కొన్ని రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది. తిండి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గంజి, నూనె లేని అన్నం, ఇడ్లీ, పండ్లతో మొదలుపెట్టాలి. ఆసుపత్రి వంటగది పంపే పాలు, తాలింపు పప్పు వద్దు.

క్లోమం వాపు ఒక్కసారితో పోయేది కాదు. పదే పదే వస్తే క్లోమం గట్టిపడిపోయి, ఇన్సులిన్ తయారీ తగ్గి, చిన్న వయసులోనే మధుమేహం వస్తుంది. కొందరు ఆ వాపుతోనే చనిపోతారు. అందుకే ప్రతి రోగికీ ‘లిపిడ్ ద్రావణాలు వద్దు’ అని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసిన అత్యవసర కార్డు ప్రభుత్వమే ఇవ్వాలని అడుగుతున్నాం.

4. మందుల చీటీ. ఈ రోగుల్లో మొత్తం కొలెస్ట్రాల్ కూడా ఎక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే కైలోమైక్రాన్లు కొంత కొలెస్ట్రాల్‌నూ మోస్తాయి. అది చూసి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు రాస్తున్నారు. ఎల్‌డీఎల్ ఎలాగూ తక్కువగా ఉండే వీరికి దానితో పనిలేదు. ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి ఇచ్చే ఫెనోఫైబ్రేట్ లైపోప్రోటీన్ లైపేజ్‌ను పెంచి పనిచేస్తుంది, కాబట్టి ఇక్కడ దాదాపు ఫలించదు. చేపనూనె గుళికలు కూడా నూనే, ఆ కొవ్వూ కైలోమైక్రాన్లుగానే మారుతుంది. నెలల తరబడి ఈ మూడింటికీ డబ్బు పోసిన కుటుంబాలు చివరికి ‘పథ్యం చేయడం లేదు’ అన్న నింద మోస్తున్నాయి. ఇది అన్యాయం.

హాని చేసే మందులు వేరే ఉన్నాయి. నెలసరి సరిచేయడానికి ఇచ్చే ఈస్ట్రోజెన్ మాత్రలు, మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్, స్టెరాయిడ్లు, థయజైడ్ మూత్రమాత్రలు, బీటా బ్లాకర్లు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. గర్భంలో, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, మామూలు స్త్రీలలోనే ట్రైగ్లిజరైడ్లు రెండు మూడింతలు అవుతాయి. ఎఫ్‌సీఎస్ ఉన్న ఆడపిల్లకు అది తల్లీబిడ్డలిద్దరికీ గండం. గర్భం రాకముందే పెద్దాసుపత్రిలో పేరు నమోదు కావాలి.

5. తిండి. ఈ జబ్బులో మందుకంటే ముందు నిలిచేది ఇదే, మేం ఎక్కువగా ఓడిపోతున్నదీ ఇక్కడే. రోజు మొత్తం శక్తిలో కొవ్వు వాటా 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి. పెద్దవారికి 15–20 గ్రాములు. రోజుకు 1,200 కిలోకేలరీలు తినే చిన్నారికి పది శాతం అంటే 13 గ్రాములు. మన వంటింట్లో 13 గ్రాములు ఎంత? ఒక టీస్పూను నూనె 4.5 గ్రాములు. 200 మిల్లీలీటర్ల ఫుల్ క్రీమ్ పాలు 12 గ్రాములు, టోన్డ్ పాలైతే 6, స్కిమ్డ్ పాలైతే 1 గ్రాము లోపు. ఒక గుడ్డు 5 గ్రాములు, అదంతా పచ్చసొనలోనే. 30 గ్రాముల పల్లీలు 14 గ్రాములు. ఇడ్లీతో చిక్కు లేదు, పక్కన వేసే పల్లీ చట్నీతోనే చిక్కు. పూరీ, ఆవకాయ పైనూనె, నువ్వుల పొడి, ఎండుకొబ్బరి, పండగ అరిసెలు ఇవన్నీ ఒక్క పూటలో రోజు కోటాను దాటించేవి. అలాగని కొవ్వును పూర్తిగా సున్నా చేయకూడదు. శరీరం తయారు చేసుకోలేని అత్యవసర కొవ్వు ఆమ్లాలు రోజు శక్తిలో 2–4 శాతం అందకపోతే చర్మం, ఎదుగుదల దెబ్బతింటాయి. కొలిచి వేసే అర టీస్పూను నూనె కూడా ఇక్కడ వైద్యమే.

తగ్గిన కొవ్వు స్థానంలో శక్తినిచ్చేది ఎంసీటీ (మీడియం చైన్ ట్రైగ్లిజరైడ్) నూనె. ఇందులోని ఎనిమిది, పది కార్బన్ల కొవ్వు ఆమ్లాలు కైలోమైక్రాన్లుగా మారకుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కొబ్బరినూనె దీనికి బదులు కాదు. ఆ రెండు ఆమ్లాలూ కొబ్బరినూనెలో 15 శాతం దగ్గరే ఉంటాయి, సగం వరకు లారిక్ ఆమ్లమే, అందులో చాలా భాగం మామూలు కొవ్వు దారిలోనే పోతుంది. ఈ పొరపాటును డాక్టర్లు చేయగా కూడా చూస్తున్నాం. కీటో డైట్ వారికోసం అమ్మే సీసాలు కొనేవారు లేబుల్ మీద సీ8, సీ10 (అంటే ఆ ఎనిమిది, పది కార్బన్ల ఆమ్లాలు) ఎంత శాతమో చూడాలి, లారిక్ కలిపినవి వద్దు. రోజుకు ఒక టీస్పూనుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, ఒక్కసారిగా పోస్తే విరేచనాలు, కడుపులో మెలికలు. వేపుళ్లకు పనికిరాదు, వండి దించాక కలపాలి.

పసికందుల సంగతి ఇంకా కష్టం. తల్లిపాలలో సగం శక్తి కొవ్వు నుంచే వస్తుంది. రోజుకు 600 మిల్లీలీటర్లు తాగే బిడ్డకు 20 గ్రాములకు పైగా కొవ్వు అందుతుంది. ఆ బిడ్డకు తల్లిపాలు తగ్గించి, కొవ్వులో ఎక్కువ భాగం ఎంసీటీగా ఉండే ప్రత్యేక పాలపొడి పట్టాలి. అది దిగుమతి సరుకు, జిల్లా కేంద్రాల్లో దొరకదు. కూలి చేసుకునే ఇంటికి నెలనెలా కొనే స్తోమత ఎక్కడిది? ఆరోగ్య పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరాకే డబ్బు చెల్లిస్తాయి. క్లోమం వాచి ఐసీయూలో పడితే లక్షలు ఇచ్చే ప్రభుత్వం, ఆ వాపు రాకుండా ఆపే నూనె సీసాకు ఇవ్వకపోవడం ఏ లెక్కన సబబు?

మా డిమాండ్: నిర్ధారణ అయిన ప్రతి రోగికీ ఎంసీటీ నూనె, శిశువులకు ఎంసీటీ పాలపొడి జిల్లా ఆసుపత్రుల ద్వారా నెలనెలా ఉచితంగా ఇవ్వాలి. అంగన్‌వాడీల్లో, బడుల్లో డాక్టరు చీటీ చూపిన పిల్లలకు నూనె, పాలపొడి కలిసిన బాలామృతం, పూర్తి గుడ్డు, పల్లీ చిక్కీ స్థానంలో గుడ్డు తెల్లసొన, స్కిమ్డ్ పాలు, పండు ఇచ్చేలా ఆదేశాలు వెళ్లాలి. బలానికి అని ప్రేమగా పెట్టే చిక్కీయే ఆ బిడ్డను ఆసుపత్రి పాలు చేయగలదని ఆయాలకూ టీచర్లకూ తెలియాలి.

6. కుటుంబ పరీక్షలు. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం ఉన్న జన్యువు వస్తేనే జబ్బు వస్తుంది. ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. తల్లిదండ్రుల రక్తం నార్మల్‌గానే ఉండొచ్చు. ఒక బిడ్డకు తేలిన రోజే తోబుట్టువులందరికీ ట్రైగ్లిజరైడ్లు చూడాలి, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. మేనమామను పెళ్లి చేసుకున్నందుకే అని తల్లిని దూషించే పద్ధతి ఆసుపత్రుల్లో ఆగాలి. ఆమెకు కావలసింది జన్యు సలహా, తర్వాతి గర్భానికి ముందు ఉచిత పరీక్ష.

7. మందులు, అరుదైన వ్యాధుల విధానం. 2012లో యూరప్‌లో అనుమతి పొందిన తొలి జన్యు చికిత్స ఈ జబ్బుకే వచ్చింది. ధర పది లక్షల యూరోల చుట్టూ ఉండి, కొనేవారు లేక 2017లో మార్కెట్ నుంచి పోయింది. ఇప్పుడు పరిస్థితి వేరు. ఏపీఓసీ3 అనే ప్రోటీన్ తయారీని తగ్గించి, లైపేజ్ లేకపోయినా వేరే దారిలో కొవ్వు తొలగేలా చేసే ఇంజెక్షన్లు వచ్చాయి. నెలకోసారి తీసుకునే ఓలెజార్సెన్‌కు అమెరికాలో 2024 డిసెంబరులో, మూడు నెలలకోసారి తీసుకునే ప్లోజాసిరాన్‌కు 2025 నవంబరులో పెద్దవారి కోసం అనుమతి దొరికింది. పథ్యం మానేయడానికి కాదు, పథ్యానికి తోడుగా.

కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఎంపికైన కేంద్రాల్లో వైద్యానికి ఒక్కొక్కరికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రితో కలిసి సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం) అలాంటి కేంద్రం. ఆ జాబితాలోని జబ్బులకు సొంత వాడకం కోసం తెప్పించుకునే మందుల మీద, ప్రత్యేక వైద్య ఆహారం మీద 2023 ఏప్రిల్ నుంచి కస్టమ్స్ సుంకం కూడా లేదు. జిల్లా వైద్యాధికారి స్థాయి ధ్రువపత్రం చాలు. అంటే ఎంసీటీ పాలపొడికీ ఇంజెక్షన్‌కూ తాళం చెవి ఒక్కటే, జాబితాలో జబ్బు పేరు. ఎఫ్‌సీఎస్‌ను ప్రత్యేక ఆహారంతో నిభాయించే జబ్బుల వర్గంలో పేరు పెట్టి చేర్చాలని రెండు రాష్ట్రాలూ కేంద్రానికి రాతపూర్వకంగా సిఫారసు పంపాలి. ఆ ప్రతిని ప్రజలకు చూపాలి.

ల్యాబ్ సర్క్యులర్, అంగన్‌వాడీ ఆదేశం, అత్యవసర కార్డు ముప్పై రోజుల్లో వెలువడాలని కోరుతున్నాం. ఎంసీటీ సరఫరా, కేంద్రానికి సిఫారసు, కుటుంబ పరీక్షల విషయంలో మూడు నెలల్లోగా ఏ అధికారి బాధ్యత వహిస్తారో పేరుతో సహా తెలపాలి. సర్క్యులర్ ముసాయిదా, పిల్లల ఆహార కొలతల పట్టిక, కార్డు నమూనా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పిలిస్తే మరునాడే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
ఎఫ్‌సీఎస్ పిల్లల తల్లిదండ్రులు, వారితో పనిచేస్తున్న ల్యాబ్ టెక్నీషియన్లు, ఆహార నిపుణులు, వైద్యులు